ఖనిజాల కొండల్లో మనిషి గొంతు

జర్మనీ తూర్పు భాగంలోని సాక్సనీకీ, చెక్ దేశంలోని బొహీమియాకీ నడుమ ఒక పర్వతశ్రేణి ఉంది. జర్మన్లు దాన్ని ఎర్జ్‌గెబిర్గె అంటారు. అంటే ఖనిజాల కొండలు. చాలా కొండలకు దేవుళ్ల పేర్లో, రంగుల పేర్లో, ఆకారాన్ని బట్టి వచ్చిన పేర్లో ఉంటాయి. ఈ కొండలకు మాత్రం వాటి కడుపులోంచి మనుషులు తవ్వి తీసిన సరుకు పేరు స్థిరపడిపోయింది. ఎనిమిది వందల ఏళ్లకు పైగా అక్కడ మనుషులు భూమి కిందికి దిగారు. మొదట వెండి కోసం, తర్వాత తగరం, కోబాల్టు కోసం, చివరికి యురేనియం కోసం.

2019లో యునెస్కో ఈ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అందులో 22 స్థలాలున్నాయి. 17 జర్మనీలో, 5 చెక్ దేశంలో. నేడు అక్కడికి వెళ్లే యాత్రికులు క్రిస్మస్ దీపాలు, కొయ్యబొమ్మలు, లేసు అల్లికలు, గని కార్మికుల ఊరేగింపులు చూసి ఆనందించి వస్తారు. ఆ అందాన్ని తక్కువ చేయటం నా ఉద్దేశం కాదు. అయితే ఆ అందం ఏ బతుకులోంచి పుట్టింది? గని మనిషి గురించి రాసినవాళ్లు ఏం చూశారు, ఏం చూడలేదు? ఆ మనిషి తరఫున, అతనితో పనిచేసి వచ్చినవాడే కలం పట్టినప్పుడు ఏం జరిగింది? సాహిత్యంతో సంబంధం ఉన్న మనకు ఈ ప్రశ్నలు ముఖ్యమైనవి. ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచింది వీటినే.

1. కొండ, వెండి, వాటాదారు

సాక్సనీ వైపునుంచి వెళ్లేవాడికి ఇవి కొండల్లా కనిపించవు. నేల మెల్లగా ఎత్తు పెరుగుతూ పోతుంది. బొహీమియా వైపు మాత్రం నిటారుగా తెగి దిగుతుంది. శ్రేణి పొడవు సుమారు 150 కిలోమీటర్లు. జర్మన్ భాగంలో ఎత్తయినది 1,215 మీటర్ల ఫిఖ్టెల్‌బెర్గ్. అన్నిటికంటే ఎత్తయిన క్లీనోవెట్స్ శిఖరం చెక్ భాగంలో ఉంది. దాని ఎత్తు 1,244 మీటర్లు. పైభాగంలో చలికాలం పొడవు, వేసవి పొట్టి, నేల బీద. సేద్యాన్ని నమ్ముకుని అంత జనం అక్కడ బతకలేరు. గని నడిస్తే తిండి, గని ఆగితే ఆకలి. ఈ ప్రాంతపు సంస్కృతిని అర్థం చేసుకోవటానికి ఈ భౌగోళిక సత్యమే మొదటి మెట్టు.

మధ్యయుగంలో ఇదంతా చిక్కటి అడవి. పాత రాతల్లో దీన్ని 'మిరిక్విది' అన్నారు. చీకటి అడవి అని అర్థం. అడవి నరికి కొత్తగా ఊరు కట్టుకున్న రైతుల నేలలో, 1168 ప్రాంతంలో వెండి బయటపడింది. ఉప్పు బండ్ల చక్రాల గాడిలో ఖనిజపు రాయి మెరిసిందని ఒక కథ చెబుతారు. కథ సంగతి ఎలా ఉన్నా, ఆ నేలకు ప్రభువైన ఓటో తీసుకున్న నిర్ణయం చరిత్ర. ఖనిజం ఉందనుకున్న చోట ఎవరైనా తవ్వుకోవచ్చు, ప్రభువు భాగం ప్రభువుకు ఇవ్వాలి అన్నాడు. హార్జ్ కొండలనుంచి అనుభవమున్న గనివాళ్లు తరలివచ్చారు. అక్కడ లేచిన పట్టణమే ఫ్రైబెర్గ్. ఆ పేరులోని 'ఫ్రై' అనే మాటకు స్వేచ్ఛ అని అర్థం. రైతు భూస్వామికి కట్టుబడి బతికే కాలంలో, తవ్వుకునేవాడికి ఇంత స్వేచ్ఛ దొరకటం చిన్న విషయం కాదు.

కాని ఆ స్వేచ్ఛ వెండి పైపైన ఉన్నన్నాళ్లే. రాతి పగుళ్లలో పేరుకున్న వెండి కోసం లోతుకు పోయేకొద్దీ నీళ్లు ఊరతాయి. నీళ్లు తోడటానికి చక్రాలు కావాలి, సొరంగాలు కావాలి, దుంగలు కావాలి. అంటే డబ్బు కావాలి. తవ్వేవాడి దగ్గర చేతులున్నాయిగాని డబ్బు లేదు. అందువల్ల గనిని వాటాలు చేశారు. ఒక్కో గనికి సాధారణంగా 128 వాటాలు. వాటాను 'కుక్స్' అనేవారు. వాటాదారు లైప్‌జిగ్‌లోనో న్యూరెంబెర్గ్‌లోనో కూర్చుని లాభం అందుకునేవాడు. అతను జీవితంలో ఒక్కసారి కూడా గని చూడనక్కరలేదు. తవ్వేవాడు మాత్రం గని యజమాని స్థానంనుంచి వారం కూలి మనిషి స్థానానికి జారిపోయాడు. పెట్టుబడిదారీ సంబంధాలు ఇంగ్లండు బట్టల మిల్లుల్లోనే పుట్టాయని అనుకునేవాళ్లు 15వ శతాబ్దపు ఈ గనులను ఒకసారి చూడాలి. వాటా, కూలి, దూరంగా ఉండే యజమాని మూడూ అక్కడ కనిపిస్తాయి.

15వ శతాబ్దం చివర ష్నేబెర్గ్ దగ్గర, తర్వాత అన్నాబెర్గ్ దగ్గర పెద్ద వెండి నిల్వలు దొరికాయి. 1496లో అన్నాబెర్గ్ పట్టణం పుట్టింది. 1516లో కొండ అవతల బొహీమియాలో యోఆఖిమ్స్‌టాల్ వెలిసింది. దానికి ప్రభువులు ష్లిక్ వంశీయులు. వాళ్లు ముద్రించిన పెద్ద వెండి నాణేన్ని ఊరి పేరుతో 'యోఆఖిమ్స్‌టాలర్' అన్నారు. అది వాడుకలో 'టాలర్' అయింది. ఆ టాలరే దేశాలు తిరిగి, నోళ్లు మారి, డాలరు అయింది. ఈనాడు ప్రపంచాన్ని శాసిస్తున్న డబ్బుకు పేరు పెట్టింది ఒక కొండలోయలోని గని ఊరు. ఆ వెండిని తవ్వినవాళ్ల పేర్లు మాత్రం ఏ నాణెం మీదా లేవు.

2. ఊరేగింపుకు రెండు వేర్లు

గని కార్మికుడు నోరు లేనివాడని అనుకోవటానికి వీల్లేదు. వారం కూలిలో ఒక గ్రోషెన్ కోత పెట్టబోతే 1496లోను, మళ్లీ 1498లోను ష్నేబెర్గ్ కార్మికులు పని మానేశారు. అప్పటికి కార్మిక సంఘం అన్న మాట లేదు. సమ్మె అన్న మాటకు నేడున్న అర్థమూ లేదు. అయినా జరిగింది అదే. నేటికీ ష్నేబెర్గ్‌లో ఏటా జులై 22న ఆ పోరాటాన్ని తలచుకుంటూ గని దుస్తులతో ఊరేగింపు జరుగుతుంది. ఒక గ్రోషెన్ కోసం జరిగిన పోరాటం ఐదు వందల ఏళ్లు పండుగగా బతకటం మామూలు విషయమా?

1525లో జర్మనీ అంతటా రైతులు తిరగబడినప్పుడు యోఆఖిమ్స్‌టాల్ గనివాళ్లు కూడా లేచారు. పురపాలక భవనం మీద, ప్రభువు కోట మీద దాడి చేశారు. తర్వాత రాజీ కుదిరింది. రైతుల తిరుగుబాటు రక్తంలో ముగిసింది. 1850లో ఎంగెల్స్ ఆ రైతు యుద్ధం మీద పుస్తకం రాసినప్పుడు, 1848 విప్లవం ఓడిపోయాక తనవాళ్లకు ధైర్యం చెప్పటానికే ఆ చరిత్రను తవ్వి తీశాడు. చరిత్ర రచన కూడా ఒక రకం గని పనే.

అయితే ఈ ఊరేగింపులకు మరో వేరు కూడా ఉంది. 1719లో సాక్సనీ యువరాజు పెళ్లి వేడుకల్లో వెయ్యిమందికి పైగా గని, కొలిమి కార్మికులను ఒకే రకం దుస్తులు తొడిగి డ్రెస్డెన్ దగ్గర రాజు ముందు నడిపించారు. రాజు సంపదకు మూలం ఏమిటో విదేశీ అతిథులకు చూపించాలి కదా! అక్కడ గని కార్మికుడు రాజు మెడలో హారం. ష్నేబెర్గ్‌లో అతను తన కూలి కోసం నిలబడిన మనిషి. చూడటానికి రెండూ ఒకలాంటి ఊరేగింపులే. ఒకే ఆచారంలో ధిక్కారం, విధేయత రెండూ కలిసిపోయి ఉంటాయి. జానపద సంస్కృతిని గుడ్డిగా కీర్తించేవాళ్లూ, గుడ్డిగా తోసిపుచ్చేవాళ్లూ గమనించవలసింది ఇదేనని నా అభిప్రాయం.

3. బలిపీఠం వెనక, లాటిను పుస్తకం లోపల

అన్నాబెర్గ్‌లోని సెయింట్ ఆన్ చర్చిలో గనివాళ్ల సంఘం పేరున ఒక బలిపీఠం ఉంది. ముందువైపు క్రీస్తు జననం చెక్కి ఉంది. వెనకవైపు 1521లో హాన్స్ హెస్సె అనే చిత్రకారుడు గనిని చిత్రించాడు. కొండంతా మనుషులు. తవ్వేవాళ్లు, మోసేవాళ్లు, ఖనిజం కడగటం, కరిగించటం, నాణెం ముద్రించటం, ఉత్పత్తి క్రమమంతా అందులో ఉంది. ఐరోపా చిత్రకళలో శ్రమను ఇంత వివరంగా, ఇంత గౌరవంగా చూపిన తొలి చిత్రాలలో అదొకటి. దేవుడు ముందు, శ్రామికుడు వెనక. కాని గుడిలో చోటయితే సంపాదించుకున్నాడు. జబ్బుపడ్డవాళ్ల కోసం, చనిపోయినవాళ్ల కుటుంబాల కోసం పెట్టెలో పైసలు వేసుకుని పరస్పరం ఆదుకున్న సంఘాలు ఆ గనివాళ్లవి. తర్వాతి కాలపు కార్మిక బీమాకు మూలరూపం ఆ పెట్టె.

హెస్సె చిత్రించినదాన్ని అక్షరంలో పెట్టినవాడు అగ్రికోలా. 1494లో పుట్టాడు. యోఆఖిమ్స్‌టాల్‌లో పట్టణ వైద్యుడుగా పనిచేశాడు. తర్వాత కెమ్నిట్స్‌లో స్థిరపడి అక్కడ మేయరయ్యాడు. లోహవిద్య గురించి లాటినులో ఆయన రాసిన పన్నెండు భాగాల గ్రంథం 'దె రె మెటాలికా' ఆయన చనిపోయిన మరుసటి ఏడు, 1556లో బాసెల్‌లో అచ్చయింది. అందులో 292 చెక్క అచ్చు బొమ్మలున్నాయి. గని తవ్వకంలో రెండు శతాబ్దాలపాటు దాన్ని మించిన పుస్తకం లేదు. 1912లో దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చింది హెర్బర్ట్ హూవర్, లూ హెన్రీ హూవర్ దంపతులు. ఆ హూవరే తర్వాత అమెరికా అధ్యక్షుడయ్యాడు.

అగ్రికోలా నిజాయితీ గల పరిశీలకుడు. గనులవల్ల పొలాలు పాడవుతాయి, అడవులు నరికేస్తారు, ఖనిజం కడిగిన నీళ్లు వాగుల్ని విషం చేసి చేపల్ని చంపుతాయి అని ఆ కాలంలో జనం చేసిన ఆరోపణలను దాచకుండా మొదటి భాగంలోనే రాశాడు. తర్వాత వాటికి గనుల తరఫున సమాధానం చెప్పాడు. గనిలో ఆయనకు వాటాలుండేవన్న సంగతి కూడా ఇక్కడ గుర్తు పెట్టుకోవాలి. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్ని తినేస్తుందని, ముఖానికి గుడ్డ కట్టుకోవాలని వైద్యుడుగా చెప్పాడు. కార్పాతియన్ గనుల్లో ఒక్కొక్క స్త్రీ ఏడుగురు భర్తలను పోగొట్టుకున్న ఉదంతాలున్నాయని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగిపోయాడు. ఆ ఒక్క వాక్యంలో ఒక నవల ఉంది. దాన్ని రాసేవాడు ఆ కాలానికి పుట్టలేదు.

మరో చోట ఆయన పని వేళల గురించి రాస్తూ, రాత్రి పాళీలో కార్మికులు నిద్ర ఆపుకోవటానికి, శ్రమ మరచిపోవటానికి పాటలు పాడతారని, ఆ పాట వినసొంపుగానే ఉంటుందని అంటాడు. 1531లో అక్కడికి దగ్గరలోని త్స్వికావ్‌లో 'బెర్గ్‌రైహెన్' పేరుతో గని పాటల సంపుటి అచ్చయిందంటే పాటకు అక్కడ ఎంత బలముందో ఊహించవచ్చు. కాని అగ్రికోలా దృష్టి పాట మీద లేదు. ఆయనకు కావలసింది పాళీ ఎన్ని గంటలన్నది. ఆయన పుస్తకంలోని బొమ్మల్లో వందలాది కార్మికులున్నారు. వాళ్ల కండరాలు కనిపిస్తాయి, పనిముట్లు కనిపిస్తాయి, నోరు మాత్రం కదలదు. పైగా ఆ పుస్తకం లాటినులో ఉంది. తన గురించి రాసినదాన్ని తాను చదవలేని స్థితి గని కార్మికుడిది.

గని మనిషి సృష్టించుకున్న మాటలు మాత్రం శాస్త్రంలోకే ఎక్కాయి. వెండిలా కనిపించి, కొలిమిలో పెడితే వెండి ఇవ్వకపోగా విషపు పొగ వదిలే రాయిని చూసి, ఇది భూమిలోపలి పిశాచం 'కోబోల్డ్' చేసిన పని అనుకున్నారు. కోబాల్టు అన్న పేరు అక్కడిది. రాగిలా మోసగించిన మరో రాయిని 'నికెల్' అని తిట్టారు. ఆ తిట్టే ఇవాళ లోహం పేరు. తిట్టిపోసిన కోబాల్టు రాయినుంచే తర్వాత నీలిరంగు తీశారు. ఆ రంగు ష్నేబెర్గ్‌కు వెండి తగ్గాక కూడా కొంతకాలం అన్నం పెట్టింది.

4. శాస్త్రవేత్త, కవి

1756 నుంచి ఏడేళ్లు సాగిన యుద్ధంలో చితికిపోయిన సాక్సనీ తిరిగి లేవటానికి గనులే ఆధారం అనుకుంది. 1765లో ఫ్రైబెర్గ్‌లో గనుల అకాడమీ స్థాపించింది. అక్కడ వెర్నర్ అనే అధ్యాపకుడి దగ్గర భూగర్భశాస్త్రం నేర్చుకోవటానికి ఐరోపా నలుమూలలనుంచి విద్యార్థులు వచ్చారు. వాళ్లలో అలెగ్జాండర్ హంబోల్ట్ ఉన్నాడు. 1797లో చేరిన మరొక యువకుడు హార్డెన్‌బెర్గ్. సాహిత్య చరిత్రలో అతని పేరు నొవాలిస్.

నొవాలిస్ మరణానంతరం 1802లో వెలువడిన 'హైన్‌రిఖ్ ఫాన్ ఓఫ్టర్‌డింగెన్' నవలలో ఒక ముసలి గని కార్మికుడు వస్తాడు. అతను తన వృత్తి గురించి పరవశంతో మాట్లాడతాడు. గనివాడు పేదగా పుట్టి పేదగానే పోతాడు, లోహం ఎక్కడుందో తెలుసుకుని వెలికి తీయటమే అతనికి తృప్తి, అది బజారు సరుకయ్యాక దానిమీద అతనికి మోజు ఉండదు అన్నది ఆ మాటల సారాంశం. ఎంత అందమైన భావం! ఎవరికి అనుకూలమైన భావం? నొవాలిస్ గనుల్ని పుస్తకాల్లో చూసి రాసినవాడు కాదు. ఉప్పు గనుల పరిపాలనలో ఉద్యోగం చేసినవాడు. కూలి ఎంతో, ప్రమాదాలెన్నో ఆయనకు లెక్కలతో సహా తెలుసు. అయినా గని ఆయనకు ఆత్మలోకి దిగే మెట్లదారి అయింది. పేదరికం సుగుణమయింది.

నేను నొవాలిస్‌ను కొట్టిపారేయటం లేదు. భూమి లోపలి చీకటిని మనిషి లోపలి చీకటితో కలిపి చూడటం సాహిత్యానికి ఆయన ఇచ్చిన గొప్ప ప్రతీక. ఆయన తర్వాత జర్మన్ కాల్పనిక సాహిత్యమంతా గనుల్లోకి దిగింది. అయితే ప్రతీక ఎంత బలమైనదయితే దాని వెనక ఉన్న మనిషి అంతగా కనుమరుగవుతాడు. అగ్రికోలా కార్మికుణ్ణి యంత్రంలో భాగంగా చూశాడు. నొవాలిస్ ఋషిగా చూశాడు. ఇద్దరూ అతన్ని కూలి అడిగే మనిషిగా చూడలేదు.

5. కిటికీలో దీపం

వెండి తగ్గిన ప్రతిసారీ ఆ కొండ మనిషి మరో పని వెతుక్కున్నాడు. 16వ శతాబ్దంలోనే అన్నాబెర్గ్‌లో బార్బరా ఉట్‌మాన్ అనే వ్యాపారి, భర్త చనిపోయాక వ్యాపారం చేపట్టి వందలాది స్త్రీలతో అల్లిక పని చేయించింది. దారం ఆమె ఇస్తుంది, అల్లిక వాళ్లు చేస్తారు, సరుకు ఆమె అమ్ముతుంది. గనివాడి ఇంట్లో భార్యా బిడ్డలు దీపం దగ్గర వంగి చేసిన ఈ పని కుటుంబాన్ని ఆకలినుంచి కాపాడింది. చరిత్ర పుస్తకాలు ఉట్‌మాన్‌కు విగ్రహం కట్టాయి. అల్లిన వేళ్లకు లెక్క లేదు.

ఇక్కడ మనకు ఒక నిజమైన సంబంధం ఉంది. మన గోదావరి డెల్టాలోని నరసాపురం ప్రాంతంలో 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా లేసు అల్లిక వచ్చింది. అక్కడి స్త్రీల పని మీద జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ చేసిన పరిశోధన 1982లో పుస్తకంగా వచ్చింది. ప్రపంచ మార్కెట్‌కు సరుకు చేస్తూ కూడా ఆ స్త్రీలు కార్మికులుగా కాక, తీరిక వేళల్లో ఏదో అల్లుకునే గృహిణులుగానే లెక్కకు వస్తారని, ఆ లెక్కే వాళ్ల కూలిని అంత తక్కువగా ఉంచుతుందని ఆమె నిరూపించింది. అన్నాబెర్గ్ ఇళ్లలో మొదలైన పద్ధతి ఏమిటో నాకు స్పష్టంగా అర్థమయింది నరసాపురం పుస్తకం వల్లనే.

తగరం గనులున్న జైఫెన్ ఊరిది కొయ్య కథ. గని నడిచేటప్పుడే పక్క ఆదాయానికి చెక్క గిన్నెలు చేసేవాళ్లు. 19వ శతాబ్దం మధ్యలో తగరం గని మూతపడ్డాక బొమ్మలే బతుకయ్యాయి. అక్కడొక విచిత్రమైన పనితనం ఉంది. కొయ్యను తరిమెన మీద గుండ్రటి కడియంలా తిప్పుతూ చెక్కుతారు. ఆ కడియాన్ని కత్తితో ముక్కలు చేస్తే ప్రతి ముక్కా ఒక ఆవో, గుర్రమో, ఏనుగో అవుతుంది. చెక్కేటప్పుడు ఆ జంతువు ఆకారం కంటికి కనిపించదు. చేతికి తెలియాలి. చీకట్లో రాతిని వేలితో తెలుసుకున్న జాతికి ఈ విద్య అబ్బటంలో ఆశ్చర్యం లేదు. అయితే దీన్ని ఇంతటి నైపుణ్యంగా మార్చింది కళాతృష్ణ ఒక్కటే కాదు. బొమ్మల ధర పడిపోయేకొద్దీ ఎక్కువ బొమ్మలు త్వరగా చేయవలసిన అవసరం కూడా. రంగులు వేసేది పిల్లలు. ఐరోపా ధనిక పిల్లల ఆటబొమ్మలు చేసింది ఆడుకోవటానికి తీరికలేని పిల్లలు.

ఇక దీపాల సంగతి. చలికాలంలో గని కార్మికుడు తెల్లవారకముందే దిగేవాడు, పొద్దుగూకాక పైకి వచ్చేవాడు. వారాల తరబడి పగటి వెలుగు చూడనివాడికి వెలుగంటే ఏమిటో మనకు ఊహకందదు. అందుకే ఆ ఇళ్లలో క్రిస్మస్ రోజుల్లో కిటికీ కిటికీకీ దీపాలు పెడతారు. కొయ్యతో చేసిన గని కార్మికుడు, దేవదూత చేతుల్లో కొవ్వొత్తులు పట్టుకుని నిలబడి ఉంటారు. ఇంట్లో ఎంతమంది కొడుకులుంటే అన్ని కార్మికుల బొమ్మలు, ఎంతమంది కూతుళ్లుంటే అన్ని దేవదూత బొమ్మలు పెట్టటం ఆచారం. వీధిన పోయేవాడికి కిటికీ చూస్తే ఆ ఇంటి పిల్లల లెక్క తెలుస్తుంది. పుట్టిన ప్రతి మగబిడ్డా గనిలోకి దిగవలసినవాడేనన్న విధి కూడా తెలుస్తుంది. వాళ్ల పలకరింపు 'గ్లూక్ ఔఫ్'. అదృష్టం కలిసిరావాలి, గని తెరుచుకోవాలి, క్షేమంగా పైకి రావాలి అన్న కోరికలన్నీ ఆ రెండు మాటల్లో ఇమిడి ఉన్నాయి.

ఇవాళ ఎక్కువగా అమ్ముడుపోయే వంపు దీపస్తంభం మీద ఇద్దరు గని కార్మికులు, బొమ్మలు చెక్కేవాడు, లేసు అల్లే స్త్రీ కనిపిస్తారు. ఆ నమూనా 1937లో ష్వార్జెన్‌బెర్గ్‌లోని ఒక ప్రదర్శన కోసం తయారయింది. అది నాజీల కాలం. జానపద కళను పొగడుతూ, జనాన్ని యుద్ధానికి సిద్ధం చేస్తున్న కాలం. ఆ వంపులో ఆకలి లేదు, సమ్మె లేదు, దగ్గు లేదు. శ్రమ ఉంది, చిరునవ్వుతో ఉంది. శ్రమను కీర్తించే ప్రతి బొమ్మా శ్రామికుడి పక్షం కాదన్న సంగతి మనం మరచిపోకూడదు.

6. ఊపిరితిత్తుల చరిత్ర

1789లో క్లాప్రోత్ అనే రసాయనవేత్త ఈ కొండల్లోని యోహాన్‌గేయోర్గెన్‌ష్టాట్ నుంచి వచ్చిన నల్లరాయిలో కొత్త ధాతువు కనిపెట్టి యురేనియం అని పేరు పెట్టాడు. 1898లో క్యూరీ దంపతులు పొలోనియం, రేడియం కనుక్కున్నది యోఆఖిమ్స్‌టాల్ ఖనిజంతోనే. ఆ ఊరి పేరే చెక్ భాషలో యాఖిమోవ్. డాలరుకు పేరిచ్చిన లోయే అణుయుగానికి మొదటి రాయిని ఇచ్చింది.

కాని ఆ రాయి గురించి శాస్త్రజ్ఞుల కంటే ముందే కార్మికుల ఊపిరితిత్తులకు తెలుసు. ష్నేబెర్గ్ గనివాళ్లకు ఒక ప్రత్యేకమైన జబ్బు ఉందని శతాబ్దాలుగా అనుకుంటున్నదే. 1879లో హార్టింగ్, హెస్సె అనే ఇద్దరు వైద్యులు అది ఊపిరితిత్తుల కణితి అని, అక్కడి గని కార్మికుల మరణాల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు దానివల్లనేనని రాశారు. గని గాలిలోని రేడాన్ వాయువే అసలు కారణమని ఆ తర్వాత దశాబ్దాలకు తేలింది. 1920లలో జర్మనీ దాన్ని వృత్తి వ్యాధిగా గుర్తించింది.

అందువల్ల 1945 తర్వాత జరిగింది తెలియక జరిగింది కాదు. అమెరికా హిరోషిమా, నాగసాకీల మీద బాంబు వేసింది. సోవియట్ యూనియన్‌కు తన బాంబు కోసం యురేనియం కావాలి. అది తన ఆధీనంలోకి వచ్చిన జర్మన్ భాగంలో, ఈ కొండల్లో ఉంది. 1947లో 'విస్ముట్' అనే సంస్థ ఏర్పడింది. ఆ మాటకు అర్థం బిస్మత్ లోహం. అసలు సరుకును దాచే పేరు అది. తొలి ఏళ్లలో జనాన్ని నిర్బంధంగా పనికి పంపారు. తర్వాత ఎక్కువ కూలి, ఎక్కువ రేషన్ చూసి జనం వాళ్లే వచ్చారు. దేశాలు పట్టి వచ్చిన కాందిశీకులు, యుద్ధంనుంచి తిరిగి వచ్చిన సైనికులు, ఇల్లూ వాకిలీ లేని యువకులు. మొదటి ఏళ్లలో నీళ్లు చల్లకుండా పొడి రాతిని తొలిచేవారు. దుమ్మూ, రేడానూ కలిసి లోపలికి పోయాయి. 1955లో నీడర్‌ష్లేమా గనిలో మంటలు లేచి 33 మంది చనిపోయారు. యోహాన్‌గేయోర్గెన్‌ష్టాట్ పాత ఊరు కింద నేల గుల్లయి చాలా భాగం కూల్చేయవలసి వచ్చింది. కొండ అవతల యాఖిమోవ్‌లో చెకోస్లొవాకియా ప్రభుత్వం రాజకీయ ఖైదీల చేత యురేనియం తవ్వించింది.

1990 దాకా విస్ముట్ తీసిన యురేనియం రెండు లక్షల టన్నులకు పైగా. ఆ కాలంలోనే అధికారికంగా గుర్తించిన ఊపిరితిత్తుల కాన్సర్ కేసులు ఐదు వేలు దాటాయి. ఆ తర్వాత కూడా వస్తూనే ఉన్నాయి. రాతిదుమ్ము జబ్బు వచ్చినవాళ్లు అంతకు రెట్టింపు మించి ఉన్నారు. ప్రభువుల కాలంలో అగ్రికోలా ఒక వాక్యంలో చెప్పి వదిలిన విషాదం, కార్మికుల పేరుతో ఏర్పడిన రాజ్యంలో అంకెలుగా ఫైళ్లలో దాగింది.

7. కలం పట్టమన్నవాళ్లు

సరిగ్గా ఇక్కడే సాహిత్యం ప్రశ్న వస్తుంది. తూర్పు జర్మనీలో 1959లో బిట్టర్‌ఫెల్డ్ పట్టణంలో రచయితల, కార్మికుల సభ జరిగింది. రచయితలు ఫ్యాక్టరీలకు వెళ్లాలి, కార్మికులు కలం పట్టాలి అన్నది ఆ సభ సందేశం. గని కార్మికుణ్ణి కలం పట్టమని పిలిచే ఆ నినాదం రాసినవాడు వెర్నర్ బ్రాయ్‌నిగ్. 1934లో కెమ్నిట్స్‌లో పుట్టాడు. విస్ముట్ గనిలో పనిచేసినవాడు. ఆ పిలుపును అతను నమ్మాడు. గని మనుషుల గురించి పెద్ద నవల మొదలుపెట్టాడు. పేరు 'రుమ్మెల్‌ప్లాట్స్'. అంటే తిరునాళ్ల మైదానం.

1965లో ఆ నవలలో ఒక అధ్యాయం రచయితల సంఘం పత్రికలో అచ్చయింది. అందులో విస్ముట్ కార్మికులు కీర్తనల్లో ఉన్నట్టు లేరు. తాగుతారు, కొట్టుకుంటారు, బూతులు మాట్లాడతారు, ఒంటరితనంతో కుమిలిపోతారు, మళ్లీ తెల్లవారి గనిలోకి దిగి రాతితో పోరాడతారు. అదే ఏడు డిసెంబరులో పార్టీ కేంద్ర కమిటీ పదకొండో ప్లీనం ఆ అధ్యాయాన్ని కార్మికవర్గాన్ని అవమానించే రచనగా ఖండించింది. విస్ముట్ కార్మికుల పేరుతో పత్రికలో ఖండన లేఖ వచ్చింది. ఆ సమావేశంలో లేచి బ్రాయ్‌నిగ్ తరఫున మాట్లాడిన రచయిత్రి క్రిస్టా వోల్ఫ్. ఆమె మాట సాగలేదు. బ్రాయ్‌నిగ్ నవల అచ్చుకాలేదు. అతను 1976లో, 42వ ఏట, తాగుడుతో ఛిద్రమై చనిపోయాడు. నవల 2007లో వెలువడింది. అప్పటికి అతన్ని మెచ్చుకున్న రాజ్యమూ లేదు, ఖండించిన రాజ్యమూ లేదు. అంతకుముందు కొన్రాడ్ వోల్ఫ్ 1958లో విస్ముట్ మీద తీసిన 'జొన్నెన్‌జూఖెర్', అంటే సూర్యుణ్ణి వెతికేవాళ్లు, అనే చిత్రం కూడా 1972 దాకా తెరకెక్కలేదు.

ఈ కథను సోషలిజాన్ని ఎగతాళి చేయటానికి వాడుకునేవాళ్లున్నారు. వాళ్లతో నాకు పని లేదు. 128 వాటాల యజమానులు ఏ గని కార్మికుడి నవలా అచ్చువేయలేదు. వాళ్లు కలం పట్టమని పిలవనూ లేదు. నాకు బాధ కలిగించేది వేరే. ఎనిమిది శతాబ్దాల్లో మొట్టమొదటిసారి ఒక రాజ్యం గని కార్మికుణ్ణి పిలిచి, నీ కథ నువ్వు రాయి అంది. రాస్తే, ఇది నీ కథ కాదు పొమ్మంది. ఖండించిన సభలో రచయితలూ ఉన్నారు. వాళ్లలో చాలామంది ప్రగతిశీలురే. కార్మికుడు ఎలా ఉండాలో వాళ్ల దగ్గర ముందే ఒక బొమ్మ ఉంది. 1937 నాటి వంపు దీపం మీది బొమ్మలాగే అందులోనూ ఆకలి లేదు, తాగుడు లేదు, దగ్గు లేదు. జెండా రంగు మారింది. బొమ్మ మారలేదు.

8. మనకు

మన దగ్గర 1889లో ఇల్లెందులో బొగ్గు తవ్వకం మొదలయింది. కోలారు బంగారు గనుల్లో తెలుగువాళ్లు తరాల తరబడి దిగారు. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. 2019లో నల్లమలలో యురేనియం సర్వే వద్దని అక్కడి ప్రజలు ఎదిరించారు. కాబట్టి ఎర్జ్‌గెబిర్గె మనకు ఎక్కడో దూరదేశపు ముచ్చట కాదు. ష్నేబెర్గ్ ఊపిరితిత్తులు చెప్పిన పాఠం తుమ్మలపల్లె గురించి మాట్లాడే ప్రతివాడికీ తెలిసి ఉండాలి.

సాహిత్య విద్యార్థులకు నేను చెప్పదలచింది మరొకటి కూడా ఉంది. గని గురించి రాయబోయేవాడి ముందు మూడు దారులున్నాయి. అగ్రికోలాలాగా పనిముట్టును చూడవచ్చు. నొవాలిస్‌లాగా ప్రతీకను చూడవచ్చు. బ్రాయ్‌నిగ్‌లాగా మనిషిని చూడవచ్చు. మొదటి రెంటికీ అకాడమీలు దొరికాయి. మూడోదానికి ముప్ఫయి ఏళ్ల పైబడి చీకటి దొరికింది. ఆ చీకటికి కారణం శత్రువు ఒక్కడే కాదన్నది మనం మింగుడుపడకపోయినా మింగవలసిన నిజం. శ్రామికుడి పక్షాన ఉన్నామని చెప్పుకునే పత్రికకు, సంఘానికి, విమర్శకుడికి అసలు పరీక్ష శ్రామికుణ్ణి పొగడటంలో లేదు. అతను మనకు నచ్చని మాట రాసి తెచ్చిన రోజున దాన్ని అచ్చువేయటంలో ఉంది.

ఆ కొండల్లో ఇప్పుడు లిథియం కోసం అన్వేషణ సాగుతోంది. లోహం మళ్లీ మారుతోంది. మళ్లీ ఎవరో దిగుతారు. వాళ్లలో రాయగలిగినవాడు ఒకడుంటాడు. అతను రాసింది చదవటానికి ఈసారైనా మనం సిద్ధంగా ఉన్నామా?